పొగగొట్టం లేని మంట ముందు కూర్చునే అమ్మానాన్నల కోసం

సంపాదకులకు నమస్కారం.

నాది గుడివాడ. ముప్పై ఏళ్లు గ్యాస్ ఏజెన్సీలో స్టవ్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. దసరా వెళ్లింది కాబట్టి ఇక మన వైపు నుంచి అమెరికా ప్రయాణాలు మొదలవుతాయి. కోడలి పురిటికనో, మనవల్ని చూసుకోవడానికనో సరిగ్గా చలికాలంలోనే పెద్దవాళ్లు బయలుదేరతారు. పచ్చళ్లు ఎలా ప్యాక్ చేయాలి, ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ ఎలా అడగాలి అన్నవి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. అక్కడి ఇళ్లలో హాల్లో మండే గ్యాస్ హీటర్ గురించి మాత్రం నేను ఎక్కడా చదవలేదు. పోయిన సంక్రాంతికి డాలస్ దగ్గర మా అబ్బాయింట్లో జరిగింది రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, దయచేసి చోటివ్వండి.

మా అబ్బాయి కొన్నది పాత ఇల్లు. హాల్లో గోడకి ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఉంది. ఒకప్పుడు అందులో కట్టెలు మండించేవారట. ఇంతకుముందున్నవాళ్లు కట్టెలు మానేసి, గ్యాస్ లైన్ లాగి, ‘వెంట్‌ఫ్రీ గ్యాస్ లాగ్స్’ అనే హీటర్ బిగించారు. చూడటానికి నాలుగైదు ఎండు దుంగలు పేర్చినట్టే ఉంటుంది. నిజానికి అవి సిరామిక్‌వి, కాలవు. కింద బర్నర్ ఉంటుంది, మంట ఆ దుంగల మధ్యలోంచి పైకి లేస్తుంది. వెంట్‌ఫ్రీ అంటే పొగగొట్టం అక్కర్లేనిది అని. పైన చిమ్నీ ఉన్నా దాని మూత వేసే ఉంచవచ్చు. వేడి అంతా ఇంట్లోనే ఉంటుంది, గ్యాస్ ఆదా. దాన్ని ఉంచుకోవడానికి మా అబ్బాయి చెప్పిన కారణం కూడా కాదనలేనిదే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. ఆ రోజుల్లో చలికి తట్టుకోలేక ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించుకుని, గరాజ్‌లో కారు ఆన్‌లో పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మా అబ్బాయి అప్పుడు అపార్ట్‌మెంట్‌లో రెండు రాత్రులు రగ్గుల కింద గడిపాడు. బర్నర్‌ని వెలిగించే పైలట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఈ రకం హీటర్‌కి కరెంటుతో పనిలేదు. అందుకే వాడికి ఇదంటే ధైర్యం.

నేను వెళ్లిన రోజే మంట చూసి, ‘ఇదేంట్రా పసుపుగా మండుతోంది’ అని అడిగాను. మన స్టవ్ మీద పసుపు మంట వచ్చిందంటే జెట్టులో చెత్త ఉందనో, గాలి సరిగా కలవట్లేదనో అర్థం. గిన్నె అడుగు మసి పడుతుంది. నా సర్వీసంతా దాన్ని నీలంగా మార్చడానికే సరిపోయింది. వాడు, ‘కట్టెల మంటలా కనిపించాలని అలాగే చేస్తారు నాన్నా’ అన్నాడు. మాన్యువల్ తీసి చూస్తే అది నిజమే. బర్నర్ దగ్గర నీలంగా ఉండి కొసలు పసుపుగా ఉండటం ఈ హీటర్‌కి తప్పు కాదట. నాకు తెలిసిన గుర్తు అక్కడ పనికిరాలేదు. అందుకే తర్వాత జరిగినప్పుడు నేను కూడా ఆలస్యంగా మేలుకున్నాను.

భోగి రోజు బయట మైనస్ అయిదు. ఇంటి ముందు మంట వేసుకోవడానికి ఆ కాలనీలో ఒప్పుకోరు. మా ఆవిడకి మనసాగలేదు. మనవడికి నాలుగేళ్లు, వాడికి భోగి మంట చూపించాలని ఆమె పట్టుదల. తెల్లవారకముందే లేచి, హీటర్ ఆరి ఉంది కదా అని ఆ సిరామిక్ దుంగలు తీసి తుడిచి, భోగి మంటకి పేర్చినట్టు నిలువుగా ఒకదానికొకటి ఆనించి పెట్టింది. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. హీటర్ వెలిగించాం, పక్కనే సాంబ్రాణి కప్పు పెట్టాం. పిల్లాడు చప్పట్లు కొట్టాడు. భోగి పళ్లు సాయంత్రం పోద్దామనుకుని, అందరం అక్కడే కూర్చుని కాఫీలు తాగాం. చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఇల్లు కొన్నాక మా అబ్బాయి కిటికీలు మార్పించి, తలుపు సందులకి రబ్బరు పట్టీలు వేయించాడు. ఈగ కూడా దూరదు.

రెండు గంటలు గడిచాయేమో. మా ఆవిడ తల పట్టేస్తోందంది. రాత్రి నిద్ర లేదు కదా అనుకున్నాం. కోడలికి వికారం. మనవడు పొద్దున్నే లేచిన పిల్లాడు, ఆడుకోకుండా సోఫాలో ఒరిగిపోయాడు. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ మా ఆవిడ బ్యాగులోనే ఉంటుంది. వేలికి పెట్టి చూసుకుంటే 98. ‘ఆక్సిజన్ బాగానే ఉందండీ, చలివల్లే’ అని ఆమే సర్దిచెప్పింది. ఆ 98 ఎందుకు నమ్మకూడదో తర్వాత తెలిసింది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమించినా, మామూలు ఆక్సీమీటర్ రెంటికీ తేడా కనిపెట్టలేదు. ఆక్సిజనే ఉందనుకుని మంచి అంకె చూపిస్తుంది.

అప్పుడు నా కన్ను దుంగల మీద పడింది. నిలువుగా పెట్టిన దుంగకి మంట నేరుగా తగిలి, దాని పైభాగం నల్లగా మెరుస్తోంది. ఫైర్‌ప్లేస్ పైఅంచున గోడమీద అరచేతి వెడల్పున మసి. మసి అంటే గ్యాస్ పూర్తిగా కాలట్లేదన్నమాట. గ్యాస్ పూర్తిగా కాలకపోతే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్ అని ముప్పై ఏళ్లు చేసిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నాబ్ కట్టేసి, తలుపులు తీసి, పిల్లాణ్ణి దుప్పటిలో చుట్టుకుని అందరం చలిలోకి వచ్చేశాం. మా అబ్బాయి అక్కడి అత్యవసర నంబరు 911 కి ఫోన్ చేశాడు. ఫైరింజన్‌లో వచ్చినవాళ్లు మాస్కులు పెట్టుకుని చేతిలో మీటరుతో లోపలికెళ్లారు. బయటికి వచ్చి మమ్మల్ని అప్పుడే లోపలికి వెళ్లొద్దన్నారు. అంబులెన్స్‌వాళ్లు కార్బన్ మోనాక్సైడ్ చూసే వేరే మీటరు వేలికి పెట్టి, మా ఆవిడకీ పిల్లాడికీ మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చారు. సాయంత్రానికి ఇద్దరూ మామూలయ్యారు. భోగి పళ్లు మర్నాడు పోశాం.

ఇంట్లో అలారం లేదా అని మీరు అడుగుతారు. ఉంది. పొగకీ కార్బన్ మోనాక్సైడ్‌కీ కలిపి ఒకటే అలారం, వంటింటి బయట ఉండేది. పోపు పెట్టినప్పుడల్లా అది కూస్తోందని, పిల్లాడు ఉలిక్కిపడుతున్నాడని కోడలు దాన్ని తీసి సొరుగులో పెట్టింది. అమెరికాలో మన తెలుగిళ్లు ఎన్నింటిలో ఆ అలారం సొరుగులో ఉందో తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. ఎండుమిరపకాయల పోపుకి కూసేది పొగ అలారం. దాన్ని పొయ్యికి దూరంగా మార్చుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా కొనుక్కుని, పడకగదుల బయట, ప్రతి అంతస్తులోనూ ఒకటి పెట్టండి. దాని వెనక తేదీ ఉంటుంది. మాది తిప్పి చూస్తే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంకో సంగతి. ఆ అలారాలు గాలిలో ఈ వాయువు 70 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 70 వంతులు) ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగేలా, 400 ఉంటే నాలుగు నుంచి పదిహేను నిమిషాల్లో మోగేలా తయారవుతాయి. అంటే తక్కువ మోతాదు అయితే చాలాసేపు మౌనంగానే ఉంటుంది. కాబట్టి హీటర్ వెలుగుతుండగా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వస్తే, జ్వరం లేకుండా ఫ్లూలా అనిపిస్తే, అలారం కోసం చూడకుండా బయటికి నడవండి.

‘గ్యాస్ వాసన రాలేదా’ అని ఊళ్లో చాలామంది అడిగారు. నేనూ సర్వీసంతా ముక్కునే నమ్ముకున్నవాణ్ణి. కానీ మనం పసిగట్టేది గ్యాస్ వాసన కాదు, అందులో కలిపే మందు వాసన. సహజవాయువుకి తనకంటూ వాసన లేదు. అదే టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊళ్లో 1937 మార్చి 18న బడి కింద లీకైన గ్యాస్ ఎవరికీ తెలియకుండా పోగై పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌లో ఘాటు వాసన కలపాలని చట్టం చేశారు. ఆ మందు కూడా గ్యాస్‌తోపాటే మంటలో కాలిపోతుంది. మండాక పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తానికి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. లీకయితే ముక్కు చెబుతుంది, కాలడంలో లోపముంటే ముక్కు చెప్పదు. లీకు వాసన వస్తే మాత్రం మన ఇంట్లో చేసేదే అక్కడా చేయాలి. స్విచ్ వేయకూడదు, తీయకూడదు. ఫోన్ కూడా బయటికి వెళ్లాకే.

రెండు రోజుల తర్వాత లైసెన్స్ ఉన్న గ్యాస్ టెక్నీషియన్ వచ్చాడు. నేను పక్కనే కూర్చుని ప్రతిదీ చూశాను. ముందు గ్యాస్ లైన్ జాయింట్లకి సబ్బు నురగ పూసి బుడగ వస్తుందేమో చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, మనదీ అదే పద్ధతి. తర్వాత బర్నర్‌కి కట్టి ఉన్న చిన్న రేకు చూపించాడు. అందులో ఏఎన్‌ఎస్‌ఐ జెడ్21.11.2 అనే అమెరికా ప్రమాణం నంబరు ఉంది. అది ఉంటేనే వెంట్‌ఫ్రీది. చిమ్నీ మూత తెరిచి మాత్రమే వాడాల్సిన వేరే రకం దుంగలు కూడా ఉన్నాయి, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. వాటిని మూత వేసి వాడితే మా ఇంట్లో జరిగిన దానికంటే ఘోరం జరుగుతుంది. పాత ఇల్లు కొన్నవాళ్లు ఆ రేకు చదవకుండా అగ్గి వెలిగించకూడదు. అదే రేకు మీద పైపులో వచ్చే నేచురల్ గ్యాసా, ట్యాంకులో వచ్చే ప్రొపేనా అని కూడా ఉంటుంది. మన దగ్గర సిలిండర్ మానేసి పైపు గ్యాస్ వచ్చినప్పుడు స్టవ్ జెట్లు మార్చాం కదా, పైపు గ్యాస్‌కి కన్నం పెద్దది కావాలి. ఆ పెద్ద కన్నం ఉన్న హీటర్‌ని ప్రొపేన్ ట్యాంకుకి తగిలిస్తే మంట కావలసిన దానికన్నా చాలా ఎక్కువగా ఎగదన్నుతుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తెచ్చి సొంతంగా తగిలించే కుర్రాళ్లున్నారని విన్నాను. బాబూ, ఆ పని చేయకండి. ఆ ఊరి పర్మిట్ తీసుకుని, తెలిసినవాడి చేత చేయించండి.

పైలట్ మంట దగ్గర అతను చూపించింది మాత్రం జీవితంలో మరిచిపోను. ఈ హీటర్లకి ఆక్సిజన్ తగ్గితే గ్యాస్ ఆపేసే ఏర్పాటు తప్పనిసరి. అదేదో పెద్ద యంత్రం అనుకున్నాను. చూస్తే చిటికెనవేలంత పైలట్ మంట, దాని కొస తగిలేలా ఒక లోహపు పుల్ల. ఆ పుల్ల వేడిగా ఉన్నంతసేపు దానిలో పుట్టే చిన్న కరెంటు అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది, వాల్వు తెరిచి ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది 18 దగ్గరికి పడితే ఆ చిన్న మంట నిలదొక్కుకోలేక పైకి లేచి పుల్లని వదిలేస్తుంది. పుల్ల చల్లారుతుంది, వాల్వు టక్కున మూసుకుంటుంది. ఎంత తేలికైన ఆలోచన! కానీ అది కొలిచేది ఆక్సిజన్‌నే. దుంగలు తప్పుగా పెట్టి మంట వాటికి కొట్టుకుంటున్నప్పుడు, గదిలో ఆక్సిజన్ ఇంకా 20 శాతం ఉండగానే విషవాయువు పుడుతుంది. పైలట్ నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. మాకు జరిగింది అదే. సేఫ్టీ ఉంది కదా అని మా అబ్బాయి దాని మీద భారం వేశాడు. పైగా ఆ పైలట్ కన్నంలో దుమ్ము, కార్పెట్ నూగు పేరుకుని ఉంది. ఏడాదికోసారైనా శుభ్రం చేయించాలట, మూడేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు.

దుంగలకి అడుగున గాడులు, పిన్నులు ఉన్నాయి. ఏ దుంగ ఎక్కడ, ఏ వైపు కూర్చోవాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంది. అంగుళం జరిగినా మంట దారి మారుతుంది. పాతవాళ్లు అందానికని బర్నర్ మీద గులకరాళ్లు కూడా పోశారు. వాటితో సగం కన్నాలు మూసుకుపోయాయి. అవన్నీ తీయించాం. ఇక అందులో కట్టె ముక్కలు, పిడకలు, కర్పూరం, కాగితం ఏవీ వేయకూడదు. అది పొయ్యి కాదు, హోమగుండం కాదు. అగరుబత్తి, సాంబ్రాణి, రూమ్ స్ప్రే, హెయిర్ స్ప్రే కూడా అది వెలుగుతున్నంతసేపు ఆ గదిలో వద్దన్నాడు. ఆ పొగ, ఆవిరి అన్నీ మంటలోకి లాగబడి కాలి మసీ వాసనా పుట్టిస్తాయి. దీపం, సాంబ్రాణి మనం మానలేం. పూజ అయ్యాక, గది గాలి మారాక హీటర్ వెలిగించుకోవచ్చు.

మా ఆవిడ బాధ ఒకటే. ‘మా అమ్మ బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపు వేసేది, సాంబ్రాణి ధూపం వేసేది. ఎవరికీ ఏమీ కాలేదే’ అంటుంది. ఆమెకి నేను చెప్పింది ఇదే. అది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి, తలుపు కింద నుంచి గాలి వస్తూ పోతూ ఉండేది. ఇప్పటి ఇళ్లకి ఆ సందుల్లేవు. ఇక్కడ కూడా కిటికీ లేని బాత్‌రూములో గ్యాస్ గీజర్ బిగించమని ఎంతమంది బతిమాలినా నేను బిగించలేదు. ఓనర్లకి కోపం వచ్చినా సరే అనుకున్నాను. గీజర్ విషయంలో అంత గట్టిగా ఉన్నవాణ్ణి, కొడుకు ఇంట్లో కిటికీలన్నీ బిగించి ఉంటే ఒక్కటి కూడా తెరవమనలేదు. ఈ ఉత్తరం రాయడానికి అదే అసలు కారణం.

గది కొలత గురించి కూడా ఒక మాట. అక్కడి గ్యాస్ కోడ్ లెక్క ప్రకారం ప్రతి 1,000 బీటీయూలకి (హీటర్ గంటకి ఇచ్చే వేడి కొలత) 50 ఘనపుటడుగుల గది కావాలి. మావాడి హీటర్ 33,000 బీటీయూలు, అంటే 1,650 ఘనపుటడుగులు. హాలు 16 అడుగుల పొడవు, 14 వెడల్పు, 9 ఎత్తు. గుణిస్తే 2,016. లెక్కకి సరిపోయింది. కానీ ఆ లెక్క మామూలుగా గాలి చొరబడే ఇంటికి. రబ్బరు పట్టీలతో సీలు వేసిన ఇంటికి అది చాలదు. హీటర్ వెలిగినంతసేపు కిటికీ ఒక అంగుళమైనా తెరవాలి. పడకగదిలో అయితే 10,000 బీటీయూలు, బాత్‌రూములో 6,000 మించకూడదని కోడ్. కాలిఫోర్నియాలో అయితే ఇళ్లలో వాడే ఇలాంటి హీటర్లు అమ్మడానికే చట్టం ఒప్పుకోదు. మీ పిల్లలుండే ఊళ్లో నియమం ఏమిటో సిటీ ఆఫీసులో అడగమనండి.

అద్దాలకి నీళ్లు కారుతుంటే మా ఆవిడ రోజూ తువ్వాలుతో తుడిచేది. బయట చలికి అలాగే ఉంటుందనుకుంది. అది కూడా మంటలోంచి వచ్చిందే. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. అంత హీటర్ గంటసేపు వెలిగితే సుమారు లీటరున్నర నీరు ఇంట్లోకి చేరుతుంది. పొగగొట్టం ఉంటే బయటికి పోయేది, లేదు కాబట్టి గోడలకి పట్టి బూజవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఆ బూజు, మంటలోంచి వచ్చే ఇతర వాయువులు ఇబ్బంది చేస్తాయి. కాబట్టి దాన్ని ఇల్లంతటికీ హీటింగుగా వాడకూడదు. చలి బాగా ఉన్నప్పుడు కాసేపు, మనుషులు మేలుకుని ఉన్నప్పుడు మాత్రమే. వెలిగించి నిద్రపోకూడదు. చీర కొంగు, చున్నీ, ఆరేసిన పిల్లల బట్టలు కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలి. ముందు జాలీ తెర తప్పనిసరి.

వచ్చే నెల మా వియ్యపురాలు అక్కడికి వెళుతోంది. పగలంతా మా అబ్బాయీ కోడలూ ఆఫీసులకి పోతే ఇంట్లో ఆమే, మనవడే. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఒక కార్డు మీద తెలుగులో నాబ్ ఏ వైపు తిప్పితే ఆరుతుందో బొమ్మ గీశాను. ‘తల తిరిగితే బాబుని తీసుకుని బయటికి రండి, కోటు కోసం ఆగొద్దు’ అని రాశాను. 911 అంకె, ఇంటి అడ్రసు ఇంగ్లీషులో పలికేలా తెలుగు అక్షరాల్లో రాశాను, ‘హీటర్, గ్యాస్, హెల్ప్’ అనే మూడు మాటలతో సహా. మా అబ్బాయి దాన్ని ఫైర్‌ప్లేస్ పక్కన గోడకి అంటిస్తానన్నాడు. మీ ఎన్నారై పేజీలో ఇలాంటి కార్డు ఒకటి కత్తిరించుకుని తీసుకెళ్లేలా అచ్చు వేస్తే బాగుంటుంది. ఏం రాయాలో అడిగితే నేను చెబుతాను, పైలట్ బొమ్మ కూడా గీసి పంపుతాను.

ఇట్లు,
రిటైర్డ్ గ్యాస్ స్టవ్ మెకానిక్,
గుడివాడ, కృష్ణా జిల్లా.